తితిక్ష ఎవరిది? ఒక రథచింతన



వజ్రపుకొత్తూరులో ప్రతి ఏకాదశి సాయంకాలం రామమందిరపు అరుగు మీద కఠోపనిషత్తు చెప్పే విశ్రాంత సంస్కృతోపాధ్యాయులు ఒకరున్నారు. పేరు ప్రఖ్యాతులను కోరని వ్యక్తి గనుక ఇక్కడ ఆయన నామధేయం అప్రస్తుతం. ఊరందరికీ ఆయన మేస్టారు. శ్రోతలు పది పన్నెండు మందికి మించరు. జీడితోటల రైతులు, వలలు ఆరవేసి వచ్చిన వృద్ధులు, ఇద్దరు ముగ్గురు గృహిణులు. అయినా ప్రథమాధ్యాయపు తృతీయవల్లి వచ్చినప్పుడు ఆయన కంఠంలో ఒక ప్రత్యేకమైన ఉత్సాహం ధ్వనిస్తుంది. శరీరం రథం, ఆత్మ రథికుడు, బుద్ధి సారథి, మనస్సు పగ్గం, ఇంద్రియాలు అశ్వాలు, విషయాలు ఆ అశ్వాలు పరుగెత్తే మార్గాలు. యముడు నచికేతునికి చేసిన ఈ రథకల్పనను ఆయన ముప్పై ఏళ్ళుగా బోధిస్తున్నారు. వివేకవంతుడైన సారథి లభించినవాడు మార్గాంతాన్ని చేరతాడనీ, అదే విష్ణువు యొక్క పరమపదమనీ చెప్పి, ఒక నిమిషం కళ్ళు మూసుకొని మౌనంగా ఉంటారు.

ఆయనకు మరొక రథం కూడా ఉన్నది. పదిహేనేళ్ళు దాటిన తెల్లని మారుతి 800. దానికి ముందుభాగంలో ఎడమవైపు ఒక శబ్దం మొదలై కొన్ని నెలలైంది. గుంతలో చక్రం దిగినప్పుడు ‘టక్’, పైకి లేచినప్పుడు మరొక ‘టక్’. మేస్టారు దానిని విన్నారు, విని వదిలివేశారు. ఒకసారి శ్రోతలలో ఎవరో ఆ మాట ఎత్తితే, జీర్ణించే స్వభావం గల ఉపాధికి శబ్దం సహజమని నవ్వుతూ సమాధానమిచ్చారు. అందరూ నవ్వారు. చతురోక్తి అయిన ప్రతిదీ సదుక్తి కాదు. కానీ ఆ సాయంకాలం ఎవరికీ అది తోచలేదు.

ఆ కారులో ప్రతి సోమ, గురువారాలు మేస్టారుతో పాటు ఒక జీడితోట రైతు పలాసకు ప్రయాణం చేసేవాడు. వయస్సు అరవై దాటింది. మూత్రపిండాలు రెండూ పనిచేయడం మానివేశాయి. ఉద్దానం గూర్చి తెలిసినవారికి ఇందులో ఆశ్చర్యపడవలసినది లేదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలలో దశాబ్దాలుగా ఈ వ్యాధి ఇల్లిల్లూ తిరుగుతున్నది. మధుమేహం లేనివారికి, రక్తపోటు లేనివారికి, ఎండలో కాయకష్టం చేసుకొని బ్రతికేవారికి వస్తున్నది. ఎందరో వచ్చి నీటిని, మట్టిని, రక్తాన్ని పరీక్షించారు; ఇదీ కారణమని నిర్ద్వంద్వంగా తేల్చలేకపోయారు. వంశధార నీటిని హిరమండలం జలాశయం నుండి గొట్టాల ద్వారా ఈ గ్రామాలకు తెచ్చే పథకం, పలాసలో 200 పడకల మూత్రపిండ వ్యాధుల ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. అంతకు పూర్వం ఎంతోమంది చికిత్స కోసం విశాఖపట్నం దాకా పోవలసివచ్చేది. ఇప్పుడు పలాస చాలును. అయినా ఊరి నుండి పలాసకు, రక్తశుద్ధి జరిగే నాలుగు గంటల తరువాత పలాస నుండి ఊరికి, వారానికి రెండుసార్లు ఎవరో ఒకరు తీసుకొనిపోవలసిందే. రైతు కుమారుడు దూరదేశంలో కూలిపనిలో ఉన్నాడు. మేస్టారు స్వయంగా ముందుకు వచ్చి ఆ బాధ్యతను స్వీకరించారు. పెట్రోలుకు రూపాయి పుచ్చుకోలేదు. ఆ సేవలో ఆయనకు నిజమైన శ్రద్ధ ఉన్నదనడంలో సందేహం లేదు. ఈ కథ సేవ చేయనివానిది కాదు. సేవ చేస్తూనే ఒకటి వినకుండా ఉండిపోయినవానిది.

మార్గశిరంలో ఒక గురువారం, చికిత్స ముగిసి తిరిగి వస్తున్నారు. రక్తశుద్ధి జరిగిన రోజున రోగి ఎంత నీరసించి ఉంటాడో చూచినవారికే తెలుస్తుంది. ఒంట్లో చేరిన నీటిని యంత్రం లాగివేసిన తరువాత పిక్కలు పట్టివేస్తాయి, తల తిరుగుతుంది, సూదులు గుచ్చిన చేయి కదిపితే బాధ. రైతు ఎడమవైపు ముందు ఆసనంలో, కుడిచేతితో ఎడమచేతిని పసిబిడ్డను పట్టుకున్నట్లు పట్టుకొని కూర్చున్నాడు. కాశీబుగ్గ దాటి తోటల మధ్యకు వచ్చాక ఒక గుంత వచ్చింది. టక్. రైతు నోట చిన్న మూలుగు. మరొక గుంత. టక్. ఈసారి మూలుగు కూడా లేదు, పెదవులు బిగించుకున్నాడు.

కొంత దూరం పోయాక అతడే అడిగాడు.

“మేస్టారూ, ఆ సప్పుడు మీకు ఇనబడతందా?”

మేస్టారు అలవాటు చొప్పున తత్త్వంలోకి వెళ్ళారు. శీతోష్ణాలూ సుఖదుఃఖాలూ వస్తాయి, పోతాయి, వాటిని సహించమని భగవానుడు అర్జునునికి చెప్పాడనీ, ఆ సహనానికే తితిక్ష అని పేరనీ, సాధకునికి అది షట్కసంపత్తిలో ఒకటనీ మృదువుగా వివరించారు. రైతు ఆసాంతం విన్నాడు. పెద్దలు చెప్పేటప్పుడు మధ్యలో మాట్లాడే అలవాటు అతనికి లేదు. ఆయన ఆగిన తరువాత, రోడ్డు వైపే చూస్తూ అన్నాడు.

“ఓర్సుకోడం నాకు కొత్తేటి మేస్టారూ? ఆ సప్పుడు మీకు ఇనబడతందా, లేదా అనే అడిగినాను.”

మిగిలిన దారి అంతా ఎవరూ మాట్లాడలేదు. శబ్దం మాత్రం మాట్లాడుతూనే ఉన్నది. మేస్టారు ఆ సాయంకాలం మొదటిసారి గుంతలను లెక్కించారు. ఇరవై మూడు వరకు లెక్కించి మానివేశారు.

ఆ రాత్రి ఆయన వివేకచూడామణి తెరిచారు. శంకరభగవత్పాదుల పేరిట ప్రసిద్ధమైన ఆ ప్రకరణగ్రంథంలో తితిక్షకు ఇచ్చిన లక్షణం ఆయనకు కంఠస్థం. సర్వదుఃఖాలనూ సహించడం, ఆ సహనం ప్రతీకార ప్రయత్నం లేకుండా, చింత లేకుండా, విలాపం లేకుండా ఉండడం. ఇందులో ‘అప్రతీకారం’ అనే మాట దగ్గర ఆయన చూపు ఆగిపోయింది. ప్రతీకారమంటే పగ తీర్చుకోవడమని లోకవ్యవహారం. శాస్త్రంలో అది నివారణోపాయం, చికిత్స, మరమ్మతు. వచ్చిన దుఃఖానికి విరుగుడు వెదకుతూ చిత్తాన్ని చెదరగొట్టుకోకుండుట తితిక్ష. చక్కని మాట. కానీ ఎవరి దుఃఖానికి? ముప్పై ఏళ్ళ బోధనలో ఆయన ఈ ప్రశ్న వేసుకోలేదు. లక్షణం సాధకునికి చెప్పబడింది. సాధకుడు తనకు కలిగిన దుఃఖాన్ని ప్రతీకారం లేకుండా సహించవచ్చు. పక్క ఆసనంలో కూర్చున్నవాని దుఃఖాన్ని అతని బదులు తాను ‘సహించడం’ ఎక్కడి శాస్త్రం? గుంత పడినప్పుడు మేస్టారుకు ఏ బాధా కలుగలేదు. అక్కడ ఆయన సహించినది ఏమీ లేదు. దానికి శాస్త్రం మరొక పేరు పెట్టింది. గీతలో పద్దెనిమిదవ అధ్యాయంలో తామసకర్తను వర్ణిస్తూ భగవానుడు చివర వాడిన విశేషణం దీర్ఘసూత్రి. నేడు చేయవలసినదాన్ని నెలలు సాగదీసేవాడు.

ఇక్కడ ఒక పక్కమాట. వేదాంత పరిభాషకు ఈ ప్రమాదం ఎల్లప్పుడూ ఉన్నది. వైరాగ్యమనే మాట సోమరితనానికి, సాక్షిభావమనే మాట నిర్లక్ష్యానికి, ప్రారబ్ధమనే మాట పరుల కష్టం ఎదుట చేతులు ముడుచుకోవడానికి ఎంత చక్కగా సరిపోతాయో! మాట శుద్ధంగానే ఉంటుంది, ప్రయోగంలోనే మాలిన్యం. తన విషయంలో వాడితే ఔషధమయ్యే పదం ఇతరుల విషయంలో వాడగానే విషమవుతుంది. ఉద్దానం వంటి చోట, ఇంటింటా ఒక రోగి ఉన్నచోట, ‘అంతా ప్రారబ్ధం’ అనే మాటను ఆరోగ్యవంతుడు ఉచ్చరించడానికి ముందు రెండుసార్లు ఆలోచించాలి.

మేస్టారుకు ఆ రాత్రి ద్రోణపర్వం గుర్తుకు వచ్చింది. పద్నాలుగవ దినం. సూర్యాస్తమయంలోగా సైంధవుని వధించకపోతే అగ్నిప్రవేశం చేస్తానని అర్జునుడు ప్రతిజ్ఞ పూనాడు. ప్రతి క్షణం అమూల్యం. ఆ మధ్యాహ్నం, శత్రుసేన నడుమ, గుర్రాలు బాణాలు తగిలి, దప్పికతో సొమ్మసిల్లుతుండగా శ్రీకృష్ణుడు రథం ఆపాడు. అర్జునుడు క్రిందికి దిగి శత్రువులను నిలువరిస్తూ బాణంతో భూమిని చీల్చి జలాశయాన్ని కల్పించాడు. జగద్గురువు స్వయంగా గుర్రాలను విప్పి, గుచ్చుకున్న బాణాలను లాగి, ఒళ్ళు నిమిరి, నీరు త్రాగించి, సేదదీరిన పిమ్మట మళ్ళీ రథానికి పూన్చాడు. సహించమని బోధించిన ఆచార్యుడే గుర్రాల దేహాల నుండి ములుకులు తీశాడు. అశ్వాలకు తితిక్ష నేర్పలేదు.

మరునాడు శుక్రవారం. సోమవారం ఉదయానికి కారు సిద్ధంగా ఉండాలి. రైతు మేనల్లుడు ఒక యువకుడు, తీరంలో మరపడవల ఇంజన్లు బాగుచేసేవాడు, పిలవగానే వచ్చాడు. వచ్చి కారు ముందు ఎడమ చక్రాన్ని జాకీతో లేపి, చక్రాన్ని పైన ఒక చేత్తో, క్రింద ఒక చేత్తో పట్టుకొని ఊపాడు. చక్రం కదిలింది. కదలకూడనిది ఒక వేలిమందం కదిలింది. అతడు మేస్టారు చేతులను తీసుకొని అదే చోట పెట్టించాడు. ముప్పై ఏళ్ళుగా రథాన్ని వర్ణించిన చేతులు మొదటిసారి దాని కీలును తాకాయి.

“ఇలగే ఇంకో నెల తిప్పితే ఈ గుండు గూట్లోంచి ఊడొచ్చేస్తాది మేస్టారూ. అప్పుడు సక్రం అడ్డంగా పడిపోద్ది. మావయ్య కూకునే వైపే.”

మేస్టారు ఏమీ అనలేదు. లోపలికి వెళ్ళి పాత పంచె ఒకటి తెచ్చి నేల మీద పరిచి, కారు క్రిందికి చేరి వెల్లకిలా పడుకున్నారు. గ్యారేజీకి ఇచ్చివేయవచ్చు కదా అని యువకుడు అడిగాడు. ఈ స్థితిలో కారును పలాస దాకా నడపడం తగదని నీవే అంటివి కదా అని మేస్టారు బదులిచ్చారు. అది నిజమే. కానీ అసలు కారణం అది ఒక్కటే కాదు. ఆయనకు తాను వినకుండా వదిలినదాన్ని తన కళ్ళతో చూడవలసిన అవసరం కలిగింది.

చక్రం మీది భారం కారుకు నేరుగా చేరదు. మధ్యలో ఒక వ్యవస్థ ఉన్నది. నిలువుగా షాక్ అబ్సార్బరు, దాని చుట్టూ స్ప్రింగు. అడ్డంగా చక్రపు పిడికిలిని బండి చట్రంతో కలిపే ఇనుప బాహువు, దానినే మెకానిక్కులు లోయర్ ఆర్మ్ అంటారు. ఆ బాహువు వెలుపలి కొసన బాల్ జాయింటు: గూటిలో ఇమిడిన ఒక గుండు, మన భుజపుకీలు వంటిది. లోపలి కొసన రబ్బరు బుష్. ఎడమ కుడి బాహువులను కలుపుతూ ముందుగా పోయే వంపుతిరిగిన ఇనుపకడ్డీ స్టెబిలైజర్ బార్. దానికీ రబ్బరు బుష్‌లే. గుంతలో చక్రం లేచి పడుతుంటే ఇవన్నీ తమ తమ కీళ్ళ వద్ద కొద్దికొద్దిగా తిరిగి, సాగి, దెబ్బను మ్రింగివేస్తాయి. రబ్బరు పగిలి, గుండు అరిగిన చోట దెబ్బను మ్రింగేది లేదు. ఇనుము ఇనుమును కొడుతుంది. ఆ దెబ్బ ఆసనం దాకా పోయి, అక్కడి నుండి వెన్నెముకకు, చేతికి, సూది గుచ్చిన గాయానికి చేరుతుంది.

సంస్కృతం చదువుకున్న మేస్టారుకు ఆ రంధ్రాలను చూడగానే ఒక శబ్దం స్ఫురించింది. ‘ఖ’ అంటే రంధ్రం. యాస్కుడు నిరుక్తంలో దాన్ని త్రవ్వుట అనే అర్థం గల ధాతువుతో ముడిపెట్టాడు. ఋగ్వేదంలో ‘సుఖ’ శబ్దం రథానికి విశేషణంగా కనిపిస్తుంది. ఇరుసు ఇమిడే రంధ్రం చక్కగా ఉన్నది, అందువల్ల ఒడుదొడుకులు లేక సాగేది సుఖరథం అని పలువురు శబ్దశాస్త్రజ్ఞుల వివరణ. తరువాతి కాలంలోనే అది మనస్సు అనుభవించే సుఖమైంది. దుఃఖ శబ్దానికి కూడా ఇదే నిర్వచనం చెప్పేవారున్నారు, దానిపై పండితులలో అభిప్రాయభేదం ఉన్నది. నిఘంటువు సంగతి ఎలా ఉన్నా, కారు క్రింద పడుకొని, అరిగి కోడిగుడ్డు ఆకారానికి సాగిన ఆ బుష్ రంధ్రాన్ని చూస్తున్న మనిషికి సందేహం ఎందుకు మిగులుతుంది? కఠోపనిషత్తులోనే ద్వితీయాధ్యాయారంభంలో స్వయంభువు ‘ఖాని’, అంటే ఇంద్రియరంధ్రాలను, బహిర్ముఖంగా తొలిచాడని ఉన్నది. అందుచేత జీవుడు బయటికే చూస్తాడు, లోపలికి చూడడు. బయటికి తెరుచుకున్న చెవి ఉండి కూడా పక్కవాని మూలుగును విననివాని సంగతి ఏమిటి? ఉపనిషత్తు ఆ మాట చెప్పలేదు. బహుశా చెప్పనక్కరలేదనుకున్నది.

భాగవతం సప్తమస్కంధం చివరి అధ్యాయంలో నారదుడు ధర్మరాజుకు ఇదే రథాన్ని మరికొంత విస్తరించి చెప్పాడు. అక్కడ దశప్రాణాలు ఇరుసు, ధర్మాధర్మాలు చక్రాలు, చిత్తం రథాన్ని కట్టిఉంచే బంధం. యముని రథంలో కనిపించని ఇరుసు నారదుని రథంలో కనిపిస్తుంది. గృహస్థధర్మాలను చెప్పే సందర్భంలో ఇరుసు ప్రస్తావన రావడం యాదృచ్ఛికమేనా అని మేస్టారు ఆ మధ్యాహ్నం యువకుణ్ణి అడిగారు. యువకుడు పన్నెండో నంబరు పానా అందుకొమ్మన్నాడు.

పని అనుకున్నంత సులువుగా సాగలేదు. ఉద్దానపు గాలిలో ఉప్పు ఉన్నది. నట్లు బోల్టులకు అతుక్కుపోయాయి. స్టెబిలైజర్ కొసనున్న నట్టుకు అడ్డంగా గుచ్చిన కాటర్ పిన్ను తుప్పు పట్టి ముక్కలైంది. ఆ నట్టు మీద కిరసనాయిలు పోసి రెండు గంటలు వదిలి, మళ్ళీ పోసి, సాయంకాలానికి విప్పగలిగారు. వెనుక చక్రాలకు రాళ్ళు అడ్డుపెట్టి, జాకీ ఒక్కదాన్నే నమ్మక, బండి చట్రం క్రింద కొబ్బరి మొద్దు దిమ్మెను నిలబెట్టాడు యువకుడు. ఆ దిమ్మెకు ఒక చరిత్ర ఉన్నది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను ఈ పల్లిసారథి, వజ్రపుకొత్తూరు తీరంలోనే భూమిని తాకింది. తెల్లవారి చూస్తే మేస్టారు పెరట్లో ఒక్క కొబ్బరిచెట్టు నిలబడి లేదు. రైతు జీడిమామిడి తోట వేళ్ళతో లేచిపోయింది. జీడిమామిడి మళ్ళీ కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది. ఆ ఏళ్ళలోనే అతని ఒంట్లో రోగం బయటపడింది. కూలిన కొబ్బరి మొదళ్ళలో ఒకదాన్ని కోసి మేస్టారు వసారాలో పీటగా వేసుకున్నారు. ఇన్నేళ్ళు దాని మీద కూర్చొని పుస్తకాలు చదివారు. ఇప్పుడది కారును మోస్తున్నది.

బోల్టు తీసి, బాహువు మీద గునపం వేసి క్రిందికి అదిమితే గుండు పిడికిలి నుండి జారి బయటపడింది. దాన్ని కప్పి ఉంచవలసిన రబ్బరు తొడుగు చిరిగి ఎంతకాలమైందో. లోపల గ్రీజు లేదు. గ్రీజు ఉండవలసిన చోట నల్లని ముద్ద. యువకుడు దాన్ని వేలితో తీసి మేస్టారు అరచేతిలో రాశాడు. వేళ్ళ మధ్య నలిపితే గరగర. సముద్రపు ఇసుక. గాలి తెచ్చిన రేణువులు చిరిగిన తొడుగులో నుండి ప్రవేశించి, మిగిలిన గ్రీజులో కలిసి, గుండునూ గూటినీ సానపట్టినట్లు నూరివేశాయి. దెబ్బ ఒక్కరోజున తగిలింది కాదు. తొడుగు చిరిగిననాడు ఏ శబ్దమూ లేదు. శబ్దం వినిపించేనాటికి లోపల అరుగుదల చాలావరకు జరిగిపోయింది. మూత్రపిండాల వ్యాధిని గూర్చి ఆసుపత్రిలో వైద్యుడు రైతుకు చెప్పినది కూడా ఇంచుమించు ఇదే. ఒంటికి తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. ఆ మాట చెప్పిననాడు మేస్టారు పక్కనే కూర్చొని తల ఊపారు.

ఆ కారుకు గుండు విడిగా మార్చే వీలు లేదు, బాహువుతో సహా మార్చాలి. ఎడమది అరిగితే కుడిదీ అదే వయస్సుది గనుక రెండూ మార్చడమే సబబు. షాక్ అబ్సార్బరు కూడా నూనె కారి తడిసి ఉన్నది. ఇక్కడ ఇద్దరికీ చిన్న వివాదం జరిగింది. పని రుచి మరిగిన మేస్టారు స్ప్రింగును కూడా ఇంట్లోనే విప్పుదామన్నారు. యువకుడు ససేమిరా అన్నాడు. అణచివేయబడి ఉన్న స్ప్రింగును సరియైన బిగింపు పరికరం లేకుండా విప్పితే అది తాళ్ళకూ తీగలకూ ఆగదు, ఎగిరి మనిషి ముఖాన్ని చితకగొడుతుంది. దాన్ని కాశీబుగ్గలో పరికరం ఉన్నవారి చేతనే మార్పించాలి. ఈసారి మేస్టారు శిష్యుడయ్యారు. బలవంతంగా అణచిన ప్రకృతి గూర్చి గీత మూడవ అధ్యాయంలో భగవానుడు నిగ్రహం ఏమి చేయగలదని ప్రశ్నించిన సంగతి ఆయనకు తెలుసు. వాసనలు నశించక అణగిమణగి ఉన్న చిత్తమూ ఇంతే, ఏ బోల్టు వదులైతే ఎటు ఎగురుతుందో చెప్పలేము. శనివారం ఉదయం యువకుడు రెండు షాక్ అబ్సార్బర్లనూ స్ప్రింగులతో సహా గోనెలో చుట్టి మోటారుసైకిలు మీద కట్టుకొని పోయి, క్రొత్తవి కూర్పించి, దుకాణంలో బాహువులూ బుష్‌లూ కొని సాయంకాలానికి తిరిగి వచ్చాడు.

ఆదివారం కూర్పు. విప్పడం కంటే కూర్చడం తొందరగా జరిగింది. పాతవి పోయిన దారిలోనే క్రొత్తవి వచ్చి కూర్చున్నాయి. క్రొత్త కాటర్ పిన్నులు గుచ్చి కొసలు వంచారు. మేస్టారు లోపలి బోల్టును కూడా బలంకొద్దీ బిగించబోగా యువకుడు చేయి పట్టుకున్నాడు.

“ఇది ఇప్పుడు కాదండి. కారు కిందికి దిగి, బరువు సక్రాల మీద పడ్డాకే బిగించాల.”

కారణం చెప్పాడు. చక్రం గాలిలో వ్రేలాడుతున్నప్పుడు బాహువు క్రిందికి వాలి ఉంటుంది. అప్పుడు బిగిస్తే రబ్బరు ఆ వాలులోనే పట్టుకుపోతుంది. తరువాత కారు నేలకు దిగి బాహువు తన స్థానానికి లేవగానే రబ్బరు మెలిపడి, నిలబడి ఉన్నప్పుడు కూడా ఎడతెగని ఒత్తిడిలో ఉండి, త్వరలోనే చీలిపోతుంది. భారం మోస్తున్న స్థితి ఏదో, ఆ స్థితిలో బిగించినదే నిలుస్తుంది.

మేస్టారు పానా పట్టుకొని చాలాసేపు అలాగే ఉండిపోయారు. ఆయన తితిక్షను నేర్చుకున్నది గ్రంథం ఎదుట, ప్రశాంతంగా, ఏ భారమూ లేనప్పుడు. అక్కడే గట్టిగా బిగించుకున్నారు. రైతు బరువు మీద పడగానే అది మెలితిరిగింది. యువకుడు చక్రాలు తొడిగి, దిమ్మె లాగి, జాకీ దించాడు. కారు తన బరువు తాను మోస్తూ నిలిచింది. మేస్టారు మళ్ళీ క్రిందికి చేరి, ఇరుకులో మోచేయి గీసుకుపోతున్నా, ఆ చివరి బోల్టులను తానే బిగించారు.

సోమవారం ఉదయం ఆరున్నరకు కారు బయలుదేరింది. ముందుచక్రాల కోణం సరిచేయించే పని పలాసలోనే, చికిత్స జరిగే నాలుగు గంటలలో. అప్పటిదాకా నెమ్మదిగా నడపమని యువకుని ఆజ్ఞ. రైతు ఎక్కి కూర్చొని, చేతిని ఒళ్ళో పెట్టుకొని, రోడ్డు వైపు చూచాడు. మొదటి గుంత వచ్చింది. అతని పెదవులు ముందే బిగుసుకున్నాయి. చక్రం దిగింది, లేచింది. ఏమీ లేదు. రెండవ గుంత. మూడవది. ఊరు దాటి జీడితోటలు వచ్చాయి. వాయవ్యాన మంచులో మహేంద్రగిరి లీలగా కనిపిస్తున్నది. రైతు పెదవులు ఎప్పుడు సడలాయో మేస్టారు గమనించలేదు. ఆయన గుంతలను చూస్తున్నారు.

తిరుగు ప్రయాణంలో రైతు తల వెనుకకు వాల్చి కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయాడనుకున్నారు మేస్టారు. ఊరు ఇంకా రెండు మూడు కిలోమీటర్లు ఉన్నదనగా స్పీడుబ్రేకరు దాటుతుంటే కుడివైపు ఎక్కడో సన్నగా ఒక ‘టిక్’. పాత శబ్దం కాదు. ఆయన మరికొంత దూరం పోయి, చింతచెట్టు నీడలో కారు ఆపారు.

“కుడిపక్క,” అన్నాడు రైతు కళ్ళు తెరవకుండానే.

“విన్నాను,” అన్నారు మేస్టారు. “నీవు పడుకో.”

అని దిగి, చొక్కా చేతులు పైకి మడిచి, కుడిచక్రం వద్ద నేల మీద మోకాళ్ళు ఆనించి వంగి చూచారు.